అలిపిరి మెట్లు ఎక్కే కాళ్లు ధనుష్కోటి దాకా నడుస్తాయా?

మీరు అడిగింది ఇది: "మేం నెలకోసారి అలిపిరి నుంచి కొండెక్కేవాళ్లం. రామేశ్వరం గుడి దగ్గర మొదలుపెట్టి, సముద్రం పక్కనే ధనుష్కోటి కొస దాకా ఒక్క రోజులో కాలినడకన పోగలమా? ఎవరైనా నడిచారా?"

నడిచాం. నేను, మా మేనమామ. 2020 జనవరిలో, సంక్రాంతి అయిన వారానికి, తమిళుల తై అమావాస్యకు రెండు రోజుల ముందు. పోగలరు. కానీ అలిపిరి లెక్క పెట్టుకుని మాత్రం పోవద్దు. మా తిరుపతి వాళ్లందరిదీ ఇదే తప్పు. 3,550 మెట్లు ఎక్కేశాం కదా, చదునుగా ఉన్న రోడ్డు మనల్ని ఏం చేస్తుంది అనుకుంటాం. మెట్ల కన్నా చదునే కష్టం. ఈ మాట నేను ఎవరితోనైనా వాదిస్తాను.

ఎందుకంటే అలిపిరి దారిలో మనం నడవడమే కాదు, మనల్ని ఎవరో నడిపిస్తుంటారు. తల మీద కప్పు ఉంటుంది. కొంత దూరానికొక నీళ్ల కొళాయి, మరుగుదొడ్డి, మజ్జిగ, మామిడికాయ ముక్కలు, కూర్చోవడానికి అరుగు. సామాను కింద ఇచ్చేస్తే పైకి చేరిపోతుంది. గాలి గోపురం దాకా ఏకబిగిన ఎక్కుడు, ఆ తర్వాత జింకల పార్కు వైపు కాళ్లకు కాస్త విశ్రాంతి, మళ్లీ మోకాళ్ల పర్వతం దగ్గర పరీక్ష. మధ్యమధ్యలో కాలు పడే తీరు మారుతూ ఉంటుంది. పైగా అంతా కలిపి తొమ్మిది కిలోమీటర్లే. రామేశ్వరం దారిలో అదే కాలు, అదే కోణం, అదే అడుగు, ఇరవై కిలోమీటర్లకు పైగా. మా ఫోన్ లెక్కలో కోదండరామాలయం పక్కదారితో కలిపి ఇరవై నాలుగు వచ్చింది. తిన్నగా ఉన్న రోడ్డు. ముందు కనిపించేది చివరిదాకా అలాగే కనిపిస్తుంది. కాళ్లకన్నా ముందు మనసు అలిసిపోతుంది.

మా మామకు అప్పటికి అరవై మూడేళ్లు. ప్రతి నెలా పౌర్ణమికి కొండెక్కే మనిషి. చెప్పుల్లేకుండా, ఒక్కోసారి మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ. కాశీకి పోవాలని ఆయనకు ఎప్పటి నుంచో కోరిక. మనవాళ్ల పద్ధతి తెలుసు కదా, ముందు సేతువు దగ్గర ఇసుక తీసుకోవాలి, దాన్ని ప్రయాగలో త్రివేణిలో కలపాలి, అక్కడి గంగ తెచ్చి రామనాథస్వామికి అభిషేకం చేయించాలి. ఆ ఇసుక వ్యానెక్కిపోయి తెచ్చుకుంటే ఏం బాగుంటుంది, నడిచిపోయి తెచ్చుకోవాలి అన్నాడు. నన్ను తోడు రమ్మన్నాడు. తిరుపతి నుంచి నేరుగా రైలుంది కాబట్టి ప్రయాణం తేలిక. 1914 నాటి పాత పాంబన్ వంతెన మీద రైలు మనిషి నడకంత మెల్లగా పోయింది. ఆ మెల్లదనం చూసి మామ చాలా సంతోషపడ్డాడు.

ముందు రోజు గుడిలో ఇరవై రెండు తీర్థాల స్నానం చేసేశాం. ఇక్కడ ఒక మాట. నడిచే రోజున మాత్రం ఆ స్నానాలు పెట్టుకోవద్దు. తడి బట్టలతో నడిస్తే తొడలు ఒరుసుకుపోతాయి. ఇంకో మాట, అగ్ని తీర్థం దగ్గర స్నానం చేసి కట్టుబట్టలు సముద్రంలో వదిలేసి పోతారు చూడండి, అది ఏ శాస్త్రంలో ఉందో నాకు ఎవరూ చూపించలేదు. అలల్లో పాత చీరలు కాళ్లకు చుట్టుకుంటుంటే కడుపు తరుక్కుపోయింది. అందులో మన తెలుగు వాళ్ల వాటా తక్కువేమీ కాదు.

తెల్లవారుజామున నాలుగున్నరకు తూర్పు గోపురం ముందు దండం పెట్టుకుని బయల్దేరాం. చల్లగా ఉంది. తూర్పున సన్నటి చంద్రరేఖ. నేను రబ్బరు చెప్పులు వేసుకున్నాను. మామ ఉత్త కాళ్లతో వచ్చాడు.

"మామా, అది తారురోడ్డు. మధ్యాహ్నానికి కాలిపోతుంది. చెప్పులు వేసుకో," అన్నాను.

"అన్నమయ్యకు అమ్మవారు ఏం చెప్పింది రా అల్లుడా? చెప్పులు విడిచి చూడమనింది కదా," అన్నాడు.

ఆ కథ తెలియని వాళ్లు తిరుపతిలో ఉండరు. చిన్నపిల్లవాడైన అన్నమయ్య మోకాళ్ల పర్వతం దగ్గర అలిసిపోయి, కాళ్లకు చెప్పులతోనే ఒక బండ మీద పడి నిద్రపోయాడు. అమ్మవారు ముత్తైదువ రూపంలో వచ్చి, ఈ కొండంతా సాలగ్రామమయం నాయనా, చెప్పులు విడువు అని చెప్పి ప్రసాదం పెట్టింది. ఆయన మనవడు చిన్నన్న రాసిన చరిత్రలో ఉన్న కథే ఇది. నాకూ ఆ కథంటే ప్రాణం. కానీ అమ్మవారు చెప్పులు విడవమన్నది కొండ మీద. తారురోడ్డు మీద కాదు. అంతే కాదు, విడవమన్న తల్లి ఆ పిల్లవాడికి అన్నం కూడా పెట్టింది. ఆ సగం మనం మరిచిపోతాం. చీకట్లో వాదన పెంచడం ఎందుకని అప్పుడు ఊరుకున్నాను.

ఊరు దాటి, జటా తీర్థం వైపు దారి చూపే బోర్డు దాటేసరికి అటూ ఇటూ తాటిచెట్లు, సరుగుడు తోపులు, సర్కారు తుమ్మ పొదలు. ఆరున్నర దాటాక వెలుగు వచ్చింది. కోదండరామాలయానికి ఎడమ పక్కకు చీలిన దారిలో రెండు వైపులా పలచటి నీళ్లు నిలిచి ఉన్నాయి. అందులో రాజహంసలు, దూరంగా గులాబీ రంగు గీతలా. విభీషణుడు వచ్చి రాముణ్ణి శరణు కోరింది ఇక్కడేనని అంటారు. 1964 తుపానులో చుట్టూ అంతా కొట్టుకుపోయినా ఈ గుడి నిలిచింది. ఆ గుడిలో మేం కూర్చున్న అరగంటలో మూడు వ్యాన్ల జనం వచ్చి వెళ్లారు. ఒక్కో వ్యానుకు పది నిమిషాలు. డ్రైవరు బయట హారను కొడుతుంటే లోపల అర్చకుడు ఇంకా హారతి ఇస్తూనే ఉన్నాడు. అంత దూరం వచ్చి హారతి పూర్తి కాకముందే పరుగెత్తే తొందర ఏమిటో నాకు అర్థం కాదు. వ్యానెక్కడం తప్పని నేను అనను. పెద్దవాళ్లు ఉంటారు, పిల్లలు ఉంటారు. ఆ డ్రైవరుకు రోజుకు నాలుగు ట్రిప్పులు పడితేనే గిట్టుబాటు అవుతుందేమో, అదీ నిజమే. కానీ ఒక్క గంట ఆగండి.

అక్కడి నుంచి తిరిగి పెద్ద రోడ్డెక్కినప్పుడు తొమ్మిది దాటింది. అసలు నడక అక్కడ మొదలైంది. భూమి సన్నబడిపోతుంది. ఎడమ పక్క బంగాళాఖాతం, కుడి పక్క మన్నారు గల్ఫ్. అక్కడివాళ్లు ఎడమ దాన్ని ఆడ సముద్రమని, కుడి దాన్ని మగ సముద్రమని అంటారు. ఆడ సముద్రం నెమ్మది అని పేరు. కానీ జనవరిలో ఈశాన్యం నుంచి గాలి వీస్తుంది. ఆ గాలి మా ఎడమ చెంప మీద ఇసుక తెచ్చి కొడుతూనే ఉంది. తువ్వాలు ముఖానికి కట్టుకున్నాం. ముకుందరాయర్ చత్రం అనే ఊరి నుంచి కొస దాకా తొమ్మిదిన్నర కిలోమీటర్ల రోడ్డు 2017లోనే వచ్చింది. అంతకు ముందు ఇసుకలో జీపులే. ఆ తొమ్మిదిన్నరలో చెట్టు నీడ అన్నది లేదు.

పదిన్నరకు మామ నడక మారింది. గమనించాను కానీ అడగలేదు. కాసేపటికి చూస్తే ఆయన రోడ్డు అంచున తెల్ల రంగు గీత మీద నడుస్తున్నాడు. జానెడు వెడల్పు కూడా లేని గీత. తారు కాలుతోంది, తెల్ల రంగు అంత కాలడం లేదు. దాని మీద ఒక పాదం ముందు ఒక పాదం పెట్టుకుంటూ, చేతులు కాస్త చాపి, గోడ మీద నడిచే పిల్లవాడిలా పోతున్నాడు. గీత చెరిగిపోయిన చోట ఆగి, గబగబా నాలుగు అడుగులు వేసి మళ్లీ గీత అందుకుంటున్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ మనిషి నోట ఒక్క అబ్బా అన్న మాట రాలేదు.

"మామా, నా చెప్పులు వేసుకో," అన్నాను.

"వద్దు రా. ఇసుకలో నడుస్తాలే," అని రోడ్డు దిగాడు. ఇసుకలో గవ్వ పెంకులు, ఎండిన తుమ్మ ముళ్లు. యాభై అడుగులు కూడా వేయకముందే ఆగిపోయాడు. కూర్చోబెట్టి పాదం చూస్తే మడమ దగ్గర రూపాయి బిళ్లంత బొబ్బ, పక్కన ముల్లు విరిగి ఉంది. మా దగ్గరున్న నీళ్లు అప్పటికే అయిపోవచ్చాయి. ఇద్దరికీ కలిపి మూడు లీటర్లు తెచ్చుకున్నాం. అలిపిరి అలవాటు, దారిలో దొరుకుతాయి లే అనుకున్నాం.

రోడ్డుకు కాస్త లోపలగా తాటాకు గుడిసెలు నాలుగైదు కనిపించాయి. జాలరి వాళ్లవి. మామను భుజం పట్టుకుని అక్కడికి నడిపించాను. ఒక యాభై ఏళ్ల ఆమె గుడిసె ముందు ఎండు చేపలు తిరగేస్తోంది. మా చిత్తూరు జిల్లాలో పుట్టిన వాళ్లకు కాస్తో కూస్తో అరవం వస్తుంది కాబట్టి, అక్కా, తాగడానికి కాసిని నీళ్లు అన్నాను. ఆమె లోపల్నుంచి చెంబు తెస్తుందనుకున్నాను. ఆమె లేచి, రా తంబీ అని గుడిసె వెనక్కి తీసుకెళ్లింది.

అక్కడ ఇసుకలో ఒక గుంట. అడుగు తీసేసిన నీలం ప్లాస్టిక్ డ్రమ్మును ఇసుక కూలకుండా అందులో దించారు. లోతు మోకాలి దాకా కూడా లేదు. అడుగున బెత్తెడు నీళ్లు, అద్దంలా. అక్కడి నుంచి సముద్రం పిలిస్తే పలికేంత దూరం. ఆమె వంగి, కర్రకు కట్టిన కొబ్బరి చిప్పతో నీళ్లను కదపకుండా పైపైన ముంచి, బిందె మూతికి కట్టిన తెల్లగుడ్డలోంచి పోసింది. ఒక చిప్ప, ఆగడం, ఇంకో చిప్ప. నేను నాలుక మీద వేసుకుని చూశాను. తియ్యటి నీళ్లు. ఉప్పు అన్నదే లేదు.

తొందర పడి ముంచకూడదు, ఇంకాస్త లోతు తవ్వకూడదు అని ఆమె చెప్పింది. తవ్వితే ఉప్పు తగులుతుందట. ఆ తర్వాత తెలుసుకుంటే అర్థమైంది. వాన నీళ్లు ఇసుకలో ఇంకి, కింద ఉన్న ఉప్పు నీళ్ల మీద తేలుతూ ఉంటాయి. మంచినీళ్లు తేలిక, సముద్రపు నీళ్లు బరువు. ఆశపడి లోతుకు పోతే, ఎక్కువగా తోడితే, కింది ఉప్పు పైకి వచ్చేస్తుంది. రెండు సముద్రాల నడుమ ఆ ఇసుక తిన్నె మీద బతకాలంటే ఆ బెత్తెడు నీళ్లకు కొలత తెలియాలి. ఆమెకు తెలుసు.

మామ ఆ గుంట పక్కన కూలబడి చాలాసేపు చూశాడు. "చెలమ రా ఇది," అన్నాడు. "మా అమ్మ తవ్వే చెలమ."

ఇక్కడ నేను మీ ప్రశ్న నుంచి పక్కకు పోతున్నాను. కానీ నాకు ఆ నడకలో మిగిలింది ఇదే. మా మామ వాళ్లది చంద్రగిరి పక్కన స్వర్ణముఖి ఒడ్డు పల్లె. ఆయన చిన్నప్పుడు ఎండాకాలం ఏటిలో పారే నీళ్లు ఉండవు. మా అమ్మమ్మ తెల్లారక ముందే బిందె తీసుకుని ఏట్లోకి పోయి, రెండు చేతులతో ఇసుక తోడి చెలమ తీసేది. మొదట బురద నీళ్లు వస్తాయి, చిప్పతో తోడి పారేయాలి. కాసేపు ఆగితే పక్కల నుంచి తేట నీళ్లు ఊరతాయి. అప్పుడు ముంచుకోవాలి. ఒకరి చెలమ ఇంకొకరు తొక్కేవాళ్లు కాదు. ఇంటికి పోతూ పశువులకు వేరే గుంట తీసి పోయేవాళ్లు. నేనూ చిన్నప్పుడు సెలవులకు పోయినప్పుడు ఆ నీళ్లు తాగాను. ఇసుక వాసన, చల్లదనం, గొంతులో దిగేటప్పటి ఆ తియ్యదనం ఇప్పటికీ గుర్తు.

ఇప్పుడు పోయి చూడండి ఆ ఏరు. చెలమ తీయడానికి ఇసుక ఉంటే కదా. రాత్రిళ్లు ట్రాక్టర్లు వేసి తోడి తోడి, కింద జేడిమన్ను తేలింది. ఇసుక ఉంటే అది వాన నీళ్లను దాచిపెట్టుకుంటుంది. ఇసుక పోతే వచ్చిన వరద వచ్చినట్టే పోతుంది, పక్కన బావులు ఎండిపోతాయి. ఇది చెప్పడానికి చదువు అక్కరలేదు, మా అమ్మమ్మకు తెలుసు. శ్రీకాళహస్తీశ్వరుడి పాదాలు కడిగే ఏరు, తిరుచానూరు అమ్మవారి ఊరు పక్కన పారే ఏరు. దాని గర్భంలో ఇప్పుడు తుమ్మ కంప, ఊరి మురుగు. పుణ్యక్షేత్రం అని బోర్డులు పెడతాం, ఏటిని మాత్రం గుత్తకు ఇచ్చేస్తాం. చుట్టూ ఉప్పు సముద్రం ఉన్నచోట ఒక జాలరి ఆమె బెత్తెడు మంచినీళ్లు కాపాడుకుంటోంది. ఏడుకొండల కింద ఉన్న మనం ఒక నది ఇసుకను కాపాడుకోలేకపోయాం. నాకు కోపం అంటే ఇదీ కోపం.

ఆమె మామ పాదం చూసి, పిన్నీసుతో ముల్లు తీసింది. ఏదో నూనె రాసి, పాత లుంగీ గుడ్డ చింపి కట్టింది. తర్వాత గుడిసెలోంచి ఒక జత చెప్పులు తెచ్చింది. వాళ్లాయనవట, సముద్రం మీదికి పోయాడు, ఇంకో జత ఉందిలే అంది. మామ నా వైపు చూశాడు. నేనేమీ అనలేదు. ఆయన చెప్పులు కళ్లకద్దుకుని వేసుకున్నాడు. డబ్బులిస్తే ఆమె తీసుకోలేదు. బలవంతం చేస్తే ఎండు చేపలు కొనుక్కోమంది. మేం శాకాహారులం, అయినా ఒక పొట్లం కొన్నాం. బస్టాండులో ఒకాయనకు ఇచ్చేశాం. సీసాలు నింపుతానంటే వద్దన్నాం. ఆ బెత్తెడులో మేం తాగిందే ఎక్కువ.

మిగతాది త్వరగా చెప్పేస్తాను. ఒంటిగంటకు పాత ధనుష్కోటి చేరాం. పైకప్పు లేని చర్చి, స్టేషను మొండి గోడలు, నీళ్ల ట్యాంకు. ఒకప్పుడు మద్రాసు నుంచి రైలు ఇక్కడిదాకా వచ్చేది, ఇక్కడి నుంచి ఓడలో శ్రీలంకలోని తలైమన్నార్ పోయేవాళ్లు. 1964 డిసెంబరు 22 రాత్రి తుపానులో పాంబన్ నుంచి వస్తున్న ప్యాసింజరు రైలు ఊరు చేరబోతుండగానే అలల్లో కలిసిపోయింది. వంద మందికి పైగా ఉన్నారు అందులో. తర్వాత ప్రభుత్వం ఈ ఊరు నివాసానికి పనికిరాదని చెప్పేసింది. అక్కడి గుడిసె దుకాణాల్లో గవ్వలు, శంఖాలు, కొబ్బరి బోండాలు అమ్ముతున్నారు. చెరో రెండు బోండాలు తాగాం. చర్చి గోడల్లోంచి పగడపు రాళ్లు బయటికి కనిపిస్తున్నాయి. వాటి మీద కొందరు పేర్లు చెక్కి పెట్టారు. అంతమంది పోయిన చోట పేర్లు చెక్కడానికి చేతులెలా వచ్చాయో.

మూడున్నరకు అరిచల్‌మునై, అంటే ధనుష్కోటి కొస. నాలుగు సింహాల స్తంభం, దాని అవతల రోడ్డు లేదు, ఇసుక, రెండు సముద్రాలు. మామ చెప్పులు విడిచి, ఒక్కడే తడి ఇసుక దాకా పోయి, తువ్వాలు కొంగులో మూడు దోసిళ్ల ఇసుక మూట కట్టుకున్నాడు. స్నానానికి మాత్రం లోపలికి దిగొద్దు, అక్కడ నీళ్లు లాగేస్తాయి. ఒడ్డునే తల మీద చల్లుకుని వచ్చేశాం. చీకటి పడేలోపు జనాన్ని పంపించేస్తారు కాబట్టి అంతకన్నా ఆలస్యం చేయకండి. వచ్చేటప్పుడు టౌను బస్సుంది. కిక్కిరిసి ఉంటుంది, మామకు మాత్రం ఒక కుర్రాడు లేచి సీటిచ్చాడు.

కాబట్టి మీకు చెప్పేది, నాలుగింటికే బయల్దేరండి. మనిషికి మూడు లీటర్ల నీళ్లు మోయండి, ఉప్పు, బెల్లం ముక్క పెట్టుకోండి. మెత్తటి చెప్పులు, పాత సాక్సులు వేసుకోండి. దీనివల్ల ఏ పాపమూ రాదు, నాదీ పూచీ. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి తప్ప వేరే నెలల్లో అసలు ఆలోచించొద్దు. యూట్యూబులో ఈజీ అని చెప్పేవాళ్లలో సగం మంది బండి మీద పోయి కొస దగ్గర దిగి నడిచినవాళ్లే.

ఆ ఏడాది వేసవిలో ప్రయాగ పోదామనుకున్నాం, మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఇసుక మూట అయిదేళ్లు మామ దేవుడి గదిలోనే ఉంది. 2025 కుంభమేళాకు ఫిబ్రవరిలో పోయి త్రివేణిలో కలిపి, గంగ తెచ్చుకున్నాడు. ఆ రాగి చెంబుతో వచ్చే సంక్రాంతి తర్వాత మళ్లీ రామేశ్వరం పోతున్నాం, ఈసారి కొత్త వంతెన మీదుగా. అభిషేకం అయ్యాక మర్నాడు నడుస్తానంటున్నాడు మామ, అరవై తొమ్మిదో ఏట. ఆ జాలరి ఆమె ఇచ్చిన చెప్పులు శుభ్రంగా తుడిచి, కాగితంలో చుట్టి బీరువాలో దాచాడు, తిరిగి ఇవ్వాలట. ఆమెకు తిరుచానూరు పసుపు కుంకుమ, ఒక చీర కూడా కొనిపెట్టాడు. మీరు వస్తానంటే రాయండి, తిరుపతి స్టేషనులో కలుద్దాం.